జుప్పా ది కోత్సె: ఈస్టర్ ముందు గురువారం కోసం ఒక సూప్ డైరీ

ఫిబ్రవరి ఆఖరి వారం

ఈ ఏడాది, అంటే 2025లో, ఈస్టర్ ఏప్రిల్ 20న వస్తోంది. దానికి ముందొచ్చే గురువారం, ఏప్రిల్ 17 రాత్రి, ఇటలీలోని నేపుల్స్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎన్నో ఇళ్ళలో ఒకటే వంట: జుప్పా ది కోత్సె. కోత్సె అంటే నల్లటి పెంకుతో, బొటనవేలికంటే కాస్త పెద్దగా ఉండే సముద్రపు ఆల్చిప్పలు. వాటితో చేసే సూప్ ఇది. మేముండేది నేపుల్స్‌కి పడమట, పొత్సువోలిలో. కింద వాటాలో ఉండే ఇంటావిడ ప్రతి ఏడూ ఆ రాత్రి మమ్మల్ని భోజనానికి పిలుస్తుంది. ఈసారి మోకాలి ఆపరేషన్ అయ్యి ఎక్కువసేపు నిలబడలేకపోతోంది. "ఈ ఏడు నేను వండుతాను సిన్యోరా, మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి" అన్నాను. "నేనేం చెప్పను. నువ్వు నేర్చుకుని రా, తిన్నాక చెప్తాను" అంది.

పేరుకి ఆల్చిప్పల సూప్ గానీ గిన్నెలో ఇంకా చాలా ఉంటాయి. అడుగున ఫ్రెసెల్లె, అంటే రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టె. దాని మీద ఉడికిన ఆక్టోపస్ ముక్కలు, పెంకులతోనే ఆల్చిప్పలు, మరుత్సెల్లె అనే చిన్న సముద్రపు నత్తలు. వాటి మీద టమాటా కలిసిన వేడి రసం. ఆఖర్న పైనుంచి 'ఓ రుస్' అనే ఎర్రటి కారం నూనె. కొందరు రొయ్యలు కూడా వేస్తారు. మా ఇంటావిడ వెయ్యదు. వాళ్ళమ్మ వేసేది కాదట, ఈవిడా వెయ్యదు, అంతే.

దీని వెనక ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. 18వ శతాబ్దంలో నేపుల్స్‌ని ఏలిన బూర్బన్ వంశపు రాజు ఫెర్దినాందోకి ఆల్చిప్పలంటే ప్రాణం. ఈస్టర్ ముందు వారంలో కూడా ఈ భోగమేమిటని గ్రెగోరియో మరియా రొక్కో అనే డొమినికన్ శాఖ క్రైస్తవ సన్యాసి మందలించాడట. రాజు ఆల్చిప్పలు మానలేదు. హంగులన్నీ తీసేయించి, టమాటా, మిరపకాయతో సాదాగా చేయించుకుని గురువారం తిన్నాడు. వంటవాళ్ళ నోటి నుంచి అది ఊళ్ళోకి పాకింది. ఈ రొక్కో చరిత్రలో ఉన్న మనిషే. చీకటి సందుల్లో గోడలకి దేవుడి పటాలు పెట్టించి, వాటి ముందు దీపం ఆరకుండా చూసే పని చుట్టుపక్కల భక్తులకి అప్పగించి, నేపుల్స్ వీధుల్లోకి వెలుగు తెచ్చింది ఆయనే. అలాంటి మనిషి అడ్డుపడితే రాజైనా కాస్త తగ్గాల్సిందే.

నాకు ఈ వంటలో బాగా పట్టుకున్న సంగతి ఒకటుంది. ఇంత రసం ఉన్న సూప్‌లో విడిగా నీళ్ళు పొయ్యరు, ఉప్పు వెయ్యరు. ఆల్చిప్పలు వదిలిన నీళ్ళు, ఆక్టోపస్ వదిలిన నీళ్ళు, టమాటా నీళ్ళు. అంతే సూప్. మనం మసాలాతో రుచి కట్టడానికి అలవాటుపడ్డవాళ్ళం. ఇక్కడ దేని నీళ్ళు ఎంత కలపాలన్నదే వంట. అందుకే ముందు ఒక్కోదాన్ని విడిగా వండి, దాని నీళ్ళ రుచి నాలుకకి పట్టించుకుని, ఆ తర్వాతే అన్నీ కలపాలని ప్లాన్ వేసుకున్నాను.

మార్చి మొదటి శనివారం: కొనడం

చేపల దుకాణానికి వెళ్ళే దారిలో రోమన్ల నాటి సంత శిథిలాలు ఉన్నాయి. 1750లో తవ్వినప్పుడు సెరాపిస్ దేవుడి విగ్రహం దొరకడంతో అందరూ గుడి అనుకున్నారు. నిజానికది మాంసం, చేపలు అమ్మిన బజారు. అందులో నిలబడి ఉన్న మూడు పాలరాతి స్తంభాలకి, మనిషి ఎత్తుకి బాగా పైన, పట్టీ కట్టినట్టు చుట్టూ చిల్లులు కనిపిస్తాయి. అవి రాతిని తొలిచి అందులో కాపురం ఉండే ఒక జాతి ఆల్చిప్పలు చేసినవి. అంటే ఒకప్పుడు ఆ ఎత్తు దాకా స్తంభాలు సముద్రంలో మునిగి ఉన్నాయి, తర్వాత మళ్ళీ నేల పైకి లేచింది. అగ్నిపర్వతం మీద ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ నేల ఎప్పుడూ దిగుతూ లేస్తూ ఉంటుంది. 1982 నుంచి 1984 లోపే దాదాపు 1.8 మీటర్లు లేచింది. రేవులో లోతు తగ్గిపోయి పడవలకి ఇబ్బందైంది. రాతిని తొలిచే ఆ జాతిని ఇప్పుడు పట్టడం, అమ్మడం నేరం. వాటిని తియ్యాలంటే సముద్రం అడుగున రాళ్ళు పగలగొట్టాలి మరి.

మనకి కావాల్సిన కోత్సె మాత్రం సాగు చేసినవి. సముద్రంలో వేలాడదీసిన తాళ్ళకి గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. ఈ తీరానికి ఆ పని కొత్త కాదు. పక్కనే ఉన్న లుక్రీనో సరస్సులో సెర్జియస్ ఒరాటా అనేవాడు ఆయిస్టర్లు పెంచి డబ్బు చేసుకున్నాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అది క్రీస్తు పూర్వం సంగతి.

దుకాణంలో నేను మొదట చూసింది లేబుల్. ఇక్కడ ఆల్చిప్పలు వలసంచిలో, ప్రాణంతోనే అమ్మాలి. సంచికి చీటీ ఉండాలి: ఎక్కడివి, ఎప్పుడు ప్యాక్ చేశారు, ఏ కేంద్రం నుంచి వచ్చాయి. యూరప్ రూల్స్ ప్రకారం పెంచే నీళ్ళని ఎ, బి, సి అని మూడు తరగతులు చేస్తారు. ఎ తరగతి నీళ్ళలోవి నేరుగా అమ్మొచ్చు. బి తరగతివి శుద్ధి కేంద్రంలో శుభ్రమైన నీళ్ళలో ఉంచి, లోపలున్నది వదిలించాకే అమ్మాలి. సి తరగతివైతే వేరే మంచి నీళ్ళకి మార్చి చాలాకాలం ఉంచాలి. రోజంతా నీళ్ళు వడకట్టుకుంటూ బతికే జీవి ఇది. ఆ నీళ్ళు ఎలాంటివైతే అదీ అలాంటిదే.

ఈ జాగ్రత్త ఊరికే వచ్చింది కాదు. 1973 ఆగస్టు ఆఖర్లో నేపుల్స్‌లో కలరా వచ్చింది. నేరం ఆల్చిప్పల మీద పడింది. బేలో ఉన్న పెంపకం తాళ్ళన్నీ పీకించేశారు. ట్యునీషియా నుంచి దిగుమతైన సరుకుతో వచ్చిందన్న మాట ఆ తర్వాత బలపడింది. ఇంటావిడకి అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఇంజెక్షన్ కోసం లైన్లో నిలబడ్డ రోజు గురించి ఇప్పటికీ చెప్తుంది. ఆ ఏడు చలికాలమంతా వాళ్ళింట్లో చేపల పేరెత్తలేదట. అందుకే ఇప్పటికీ చీటీ లేని సంచి ఆవిడ గుమ్మం దాటి లోపలికి రాదు.

అదే సాయంత్రం: ఆల్చిప్పలు ఒక్కటే

సూప్ జోలికి పోకుండా ముందు ఇంపెపాతా చేశాను. ఆల్చిప్పలు, మిరియాలు, నిమ్మకాయ. వాటి నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసుకోడానికి ఇంతకంటే సూటి దారి లేదు.

శుభ్రం చెయ్యడమే పెద్ద పని. పెంకు మీద తెల్లగా అంటుకున్న గరుకుని చాకు వెనకవైపుతో గీకి, స్టీలు పీచుతో రుద్దాలి. రెండు పెంకుల మధ్య నుంచి గడ్డంలా వేలాడే పీచు ఉంటుంది. తాడుని పట్టుకుని వేలాడేది దాంతోనే. దాన్ని మొన ఉన్న వైపుకి గట్టిగా లాగితే వేరుతో సహా ఊడుతుంది. వండేముందే లాగాలి. ముందే లాగి ఉంచితే చచ్చిపోతాయి. కుళాయి నీళ్ళ కింద కడగడం సరేగానీ గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టకూడదు. పెంకు పగిలినవి పారేశాం. నోరు తెరుచుకుని ఉన్నవాటిని వేలితో కొట్టి చూశాం. మూసుకుంటే ప్రాణం ఉన్నట్టు, మూసుకోకపోతే చెత్తబుట్టలోకే. మా ఆవిడది మచిలీపట్నం. చేపలు, పీతలు, రొయ్యలు చిన్నప్పటి నుంచి చేతి కింద ఆడినవి. గీకడంలో నా రెండింతలు వేగం.

వెడల్పాటి తపేలాలో ఏమీ వెయ్యకుండా ఆల్చిప్పలు పోసి, మూతపెట్టి, పెద్ద మంట. రెండు నిమిషాలకి లోపల చిటపటమని పెంకులు కదిలే చప్పుడు మొదలవుతుంది. మూడు నాలుగు నిమిషాలకి మూత తీస్తే అన్నీ నోళ్ళు తెరిచి ఉంటాయి. లోపల నారింజ రంగువి ఆడవి, మీగడ రంగువి మగవి. అడుగున బూడిద రంగులో నీళ్ళు. కిలోకి గ్లాసుడు వచ్చాయి.

ఆ నీళ్ళని జల్లెడ మీద పల్చటి గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టాను. గుడ్డ మీద మిగిలిన నల్లటి నలుసు, ఇసుక చూస్తే ఇంకెప్పుడూ ఈ పని మానాలనిపించదు. వడకట్టాక కూడా కాసేపు కదపకుండా ఉంచి, పైనుంచి మెల్లగా వంపుకుని, అడుగున మిగిలిన చెంచాడు వదిలేశాను.

ఇక రుచి. ఉప్పు! మధ్యధరా సముద్రంలో లీటరుకి దాదాపు 38 గ్రాముల ఉప్పు ఉంటుంది. మామూలు సముద్రాలకంటే ఎక్కువ. పెంకు మూసుకునే ముందు ఆల్చిప్ప లోపల పట్టి ఉంచుకునేది ఆ నీళ్ళే. రెండు కిలోలకి అర లీటరు వస్తుందనుకుంటే, దాంట్లో రెండు మూడు చెంచాల ఉప్పు ముందే ఉన్నట్టు లెక్క. అయితే ఉప్పు వెనకాలే మెత్తటి తీపి వస్తుంది, గొంతు దిగాక కూడా ఉంటుంది. డైరీలో ఆ రాత్రి రాసుకున్నది: సూప్‌లో వేసే మిగతావన్నీ ఈ ఉప్పుని మోసేవి కావాలి, పెంచేవి కాకూడదు.

మార్చి మధ్యలో: ఓ రుస్

ఈ వారం ఊరు మొత్తానికి నిద్ర లేదు. 13న అర్ధరాత్రి దాటాక వచ్చిన భూకంపానికి అందరం రోడ్డు మీదికి వచ్చాం. తెల్లారేదాకా ఇంటావిడ కారులో కూర్చుంది, మేం పక్కన నిలబడ్డాం. గోడలకి ఏం కాలేదు. రెండు రోజులు వంట సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆదివారం మళ్ళీ పొయ్యి వెలిగించాను, చేతికి పని ఉంటే టెన్షన్ తగ్గుతుందని.

ఓ రుస్ ఈ సూప్‌కి కారం, రంగు, వాసన మూడూ ఇచ్చే నూనె. చూడ్డానికి కొత్త ఆవకాయ మీద తేలిన నూనెలా ఉంటుంది. ఆలివ్ నూనె సన్న సెగ మీద వేడి చేసి, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, టమాటా కాన్సన్‌ట్రేట్, ఎర్ర క్యాప్సికం కాన్సన్‌ట్రేట్ అందులో మెల్లగా వేయించాలి. ముద్ద విడిపోయి నూనె ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి. తర్వాత మిరపకాయ. ఇక్కడ చాలామంది దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతపు ఎండుమిరప వాడతారు.

మా ఇంట్లో గుంటూరు సన్నం కారం ఉంది, పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు తెచ్చుకున్నది. కాబట్టి రెండు సీసాలు చేశాను, ఒకటి కలాబ్రియా మిరపతో, ఒకటి గుంటూరు కారంతో. ఏదైనా సరే స్టవ్ ఆపి, నూనె కాస్త చల్లారాకే కారం వెయ్యాలి. తాలింపులో కారం మాడితే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మిరపలో ఘాటు నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు వడకట్టాను.

రొట్టెముక్క మీద రెండూ వేసుకుని తిన్నాం. కలాబ్రియాది నాలుక మీద మొదలై నోరంతా పరుచుకుంటుంది, వెనక కాస్త పండు వాసన ఉంది. గుంటూరుది నేరుగా గొంతులో పట్టుకుంటుంది. ఘాటు ఎక్కువ, రంగు కాస్త ఇటుక రంగు వైపు. మా ఆవిడకి గుంటూరుదే నచ్చింది. నాకూ అదే ఇష్టం, కానీ ఈ సూప్‌లో ఆల్చిప్పల తీపి కనబడాలి. గొంతు మండుతుంటే అది తెలీదు. అందుకని మూడో సీసా చేశాను. రంగు కోసం క్యాప్సికం కాన్సన్‌ట్రేట్ రెట్టింపు, ఘాటు కోసం కలాబ్రియా మిరపతో పాటు చిటికెడు గుంటూరు. ఇది నిలబడింది. గురువారం టేబుల్ మీదికి ఇదే వెళ్తుంది. అమ్మకి ఫోన్లో చెప్తే, "చింతపండు లేకుండా చేపల పులుసేంట్రా?" అంది. టమాటా పులుపు చాలమ్మా అంటే నమ్మలేదు.

మార్చి ఆఖరు: ఆక్టోపస్

ఆక్టోపస్ దాని నీళ్ళలోనే ఉడకాలి అని నేపుల్స్‌లో ఒక సామెత ఉంది. ఎవరు చెప్పినా వినని మనిషి గురించి అంటారు: వదిలెయ్, వాడి నీళ్ళలో వాడే ఉడుకుతాడు, అని. వంట పద్ధతిగా కూడా అది అక్షరాలా నిజం. 

కొనేటప్పుడు కాళ్ళ మీద చిన్న గిన్నెల్లా ఉండి దేనికైనా అంటుకునే బుడిపెల వరసలు చూడాలి. ఒక్కో కాలికీ రెండు వరసలు ఉంటే అసలైన ఆక్టోపస్. ఒకే వరస ఉంటే మొస్కార్దీనో అనే చిన్న జాతి, దాని వంట వేరు. మేం తెచ్చింది కిలో పైచిలుకు. కళ్ళు, మధ్యలో ఉండే చిలక ముక్కు లాంటి పళ్ళు దుకాణంలోనే తీసిచ్చారు. రెండు రోజులు ఫ్రీజర్లో పెట్టి, ఒక రాత్రి కింద ఫ్రిజ్‌లో కరగనిచ్చాను. గడ్డకట్టినప్పుడు లోపల మంచు పలుకులు కండని చీలుస్తాయి కాబట్టి మెత్తగా ఉడుకుతుంది. బండకేసి బాదే పాత పద్ధతికి ఇది బదులు.

మందపాటి గిన్నెలో ఆక్టోపస్, ఒక వెల్లుల్లి రెబ్బ, చెంచా నూనె. చుక్క నీళ్ళు లేవు. మూత, సన్న సెగ. పది నిమిషాల తర్వాత మూత తీసి చూస్తే సగం దాకా మునిగి ఉంది. ఎక్కడి నుంచి వచ్చాయా ఇన్ని నీళ్ళు అని మా ఆవిడ కూడా వచ్చి తొంగిచూసింది. ముప్పావు గంటకి కాలు మొదట్లో ఫోర్కు గుచ్చితే బంగాళదుంపలోకి దిగినట్టు దిగింది. స్టవ్ ఆపి, అదే నీళ్ళలో చల్లారనిచ్చాను. వేడి మీద తీస్తే చర్మం జారిపోతుంది. బరువు దాదాపు సగానికి తగ్గింది. పోయిన సగం ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది: ముదురు వంగపండు రంగులో, వేలికి అంటుకునేంత జిగురుతో.

ఈ నీళ్ళలో ఉప్పు తక్కువ, తీపి ఎక్కువ. జిగురు వల్ల సూప్‌కి చిక్కదనం వస్తుంది. ఆల్చిప్పల ఉప్పుని మోసేది కావాలి అని రాసుకున్నానే, ఇదే అది. చిన్న గ్లాసుల్లో కలిపి చూశాం. సగం సగం కలిపితే ఆక్టోపస్ వాసనే పైన ఉంటుంది. ఆల్చిప్పల నీళ్ళు రెండు వంతులు, ఆక్టోపస్ నీళ్ళు ఒక వంతు, అప్పుడు రెండూ తెలుస్తాయి. టమాటా వచ్చాక ఇది కాస్త మారుతుంది.

ఏప్రిల్ మొదటివారం: టమాటా, నత్తలు, రొట్టె

ఏప్రిల్లో తాజా టమాటా లేదు, హాట్‌హౌస్ సరుకు తప్ప. దానికి ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న దారి పియెన్నొలో. వెసూవియస్ కొండ వాలుల్లో పండే చిన్న టమాటాలు, చివర మొన ఉంటుంది. వేసవిలో కోసి, జనపనార తాడుకి గుత్తిగా కట్టి, గాలి తగిలే చోట వేలాడదీస్తారు. చలికాలమంతా అలాగే ఉంటాయి. తోలు ముడతలు పడుతుంది, లోపల గుజ్జు చిక్కబడుతుంది, పులుపు మాత్రం పోదు. 2009 నుంచి దీనికి డీఓపీ, అంటే ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు వాడాలనే యూరప్ గుర్తింపు, ఉంది. ఈస్టర్ ముందు గురువారానికి టమాటా సూప్ ఎలా సాధ్యమైందో ఈ గుత్తి చూస్తే అర్థమవుతుంది. డబ్బా టమాటాతో కూడా చేసి చూశాను. బాగుంది, కాకపోతే నీళ్ళెక్కువ, మరిగించి ఇంకించాల్సి వచ్చింది. ధర ఎక్కువైనా గురువారానికి పియెన్నొలోనే.

నత్తలకి పెద్ద తతంగం లేదు. కొన్నిసార్లు నీళ్ళు మార్చి కడిగి, చల్లటి నీళ్ళలో వేసి సన్న సెగ మీద పెట్టాలి. నీళ్ళు మెల్లగా వేడెక్కుతుంటే బయటికి వస్తాయి. ఒకేసారి మరిగే నీళ్ళలో వేస్తే లోపలికి ముడుచుకుపోతాయి, ఇక గుండుసూదితో ఎంత లాగినా రావు. వీటి నీళ్ళు మాత్రం వాడలేదు.

ఫ్రెసెల్లె బేకరీలో దొరుకుతాయి. రాయిలా ఉంటాయి. కుళాయి కింద ఒక్క క్షణం తడిపి గిన్నె అడుగున పెట్టాలి. మిగతాది రసం చూసుకుంటుంది.

పామ్ సండే (ఈస్టర్ ముందు ఆదివారం): మొత్తం రిహార్సల్

మా ఇద్దరి కోసం, సగం కొలతతో. ఆలివ్ నూనెలో వెల్లుల్లి, పార్స్‌లీ కాడలు, చిదిమిన పియెన్నొలో. పది నిమిషాలు. అందులో వడకట్టిన ఆల్చిప్పల నీళ్ళు ఒక్కసారే పొయ్యకుండా గరిటెడు గరిటెడు పోస్తూ, ప్రతిసారీ రుచి చూస్తూ. తర్వాత ఆక్టోపస్ నీళ్ళు. ఒక చోట ఆగాలి. ఆ చోటు కొలతల్లో దొరకదు, ఎందుకంటే ప్రతి సంచిలో ఉప్పు ఒకేలా ఉండదు. ఇంకో గరిటె పోస్తే ఉప్పనవుతుంది అనిపించినప్పుడు ఆపి, మిగిలింది పక్కన పెట్టాను.

ఒక విషయం ఈ రోజు తేల్చుకున్నాను. ఆల్చిప్ప నోరు తెరిచినంత మాత్రాన లోపల పూర్తిగా ఉడికినట్టు కాదు. హెపటైటిస్ ఎ లాంటి వైరస్‌లు చావాలంటే లోపలి మాంసం 90 డిగ్రీల వేడిలో 90 సెకన్లు ఉండాలన్నది యూరప్‌లో పాటించే ప్రమాణం. ఎక్కువ ఉడికితే రబ్బరవుతుందని చాలామంది తెరుచుకోగానే దించేస్తారు. గురువారం టేబుల్ దగ్గర ఆపరేషన్ అయిన పెద్దావిడ, ఆవిడ మనవడు ఉంటారు. అందుకని తెరుచుకున్నవాటిని తీసి, ఆఖర్న మరుగుతున్న రసంలో మళ్ళీ వేసి రెండు నిమిషాలు మూతపెట్టాను. థర్మామీటర్ గుచ్చి చూశాను, సరిపోయింది. కొద్దిగా గట్టిపడ్డాయి, నమలడానికి బాగానే ఉన్నాయి. మే నుంచి ఆగస్టు దాకా, అంటే ఇటాలియన్‌లో పేరులో 'ర' లేని నెలల్లో, ఆల్చిప్పలు నిండుగా ఉంటాయంటారు. ఏప్రిల్‌వి ఇంకా సన్నగానే ఉన్నాయి. గిన్నెలో ఆక్టోపస్, నత్తలు ఉండడం వల్ల ఆ లోటు తెలీదు.

ఏప్రిల్ 17

పొద్దున్నే ఆల్చిప్పలు తెచ్చాం, నాలుగు కిలోలు. దుకాణం బయట వీధి మలుపు దాకా లైను. అందరిదీ అదే సరుకు. ఆక్టోపస్ నిన్న రాత్రే ఉడికింది, ఓ రుస్ సీసాలో ఉంది. మధ్యాహ్నం నత్తలు. సాయంత్రం ఇంటావిడ కూతురు కుటుంబం నేపుల్స్‌లో వియా తొలేదో మీద నడుచుకుంటూ చర్చిలు దర్శించుకుని వచ్చింది. ఈ రోజు ఆ వీధంతా అలా నడిచే జనమే. వాళ్ళు మెట్లెక్కే చప్పుడు విన్నాక ఆల్చిప్పలు పొయ్యి మీద పెట్టాను. అవి ఆగవు, మనుషులే ఆగాలి.

రెండు తపేలాల్లో తెరిపించాను. అన్నీ ఒకే దాంట్లో కుక్కితే అడుగువి ఉడికిపోతాయి, పైవి మూసుకునే ఉంటాయి. నీళ్ళు వడకట్టి, తేరనిచ్చి, టమాటాలోకి గరిటెడు గరిటెడు. ఈసారి నీళ్ళు రిహార్సల్‌వాటికంటే ఉప్పగా ఉన్నాయి. అందుకని ఆక్టోపస్ నీళ్ళు దాదాపు మొత్తం పోసేశాను, ఆల్చిప్పల నీళ్ళు మూడో వంతు మిగిల్చాను. చివర మిరియాలు, పార్స్‌లీ ఆకు. గిన్నెల్లో రొట్టె, ముక్కలు, ఆల్చిప్పలు, రసం. ఓ రుస్ టేబుల్ మధ్యలో పెట్టాను, ఎవరికి కావాల్సినంత వాళ్ళు వేసుకోడానికి. పిల్లాడు ఒక చుక్క, మా ఆవిడ మూడు చెంచాలు.

ఇంటావిడ మొదట ఆల్చిప్పలు ముట్టుకోలేదు. చెంచాతో అడుగు దాకా వెళ్ళి, నానిన రొట్టె తీసుకుని తింది. ఇంకో చెంచా. తర్వాత నా వైపు చూసి, "ఉప్పు వేశావా?" అని అడిగింది. వెయ్యలేదన్నాను. తలాడించి, ఓ రుస్ సీసా అందుకుని మూత తీసి వాసన చూసింది. "ఇది మనది కాదు" అంది. చిటికెడు గుంటూరు కారం ఉందని చెప్పాను. రెండు చెంచాలు వేసుకుంది. భోజనం అయ్యేసరికి సీసాలో సగం లేదు, మిగిలిన సగం వాళ్ళింట్లోనే ఉంచమంది. ఆక్టోపస్ గురించి మాత్రం తన మాట చెప్పింది: కాళ్ళ చివర్లు ఇంకా చిన్నగా కొయ్యాలి, తలని ముక్కలు చెయ్యకుండా చీలికలుగా కొయ్యాలి. రాసుకున్నాను.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే, మాంసం ఉండదు. నిన్న పక్కన పెట్టిన మూడో వంతు ఆల్చిప్పల నీళ్ళు, అడుగున మిగిలిన సూప్ కలిపి స్పాగెట్టీ చేశాం. పాస్తా ఉడికించే నీళ్ళలో ఉప్పు వెయ్యలేదు. సగం ఉడికాక తీసి, మిగతా సగం ఆ రసంలోనే ఉడికించాను. అది పీల్చుకున్నాక విడిగా సాస్ అక్కర్లేకపోయింది.

గురువారం వేసిన కొలత ఆరుగురు పెద్దవాళ్ళకి, ఒక పిల్లాడికి సరిపోయింది: ఆల్చిప్పలు నాలుగు కిలోలు, ఆక్టోపస్ కిలోన్నర, నత్తలు అర కిలో, పియెన్నొలో ముప్పావు కిలో, మనిషికో ఫ్రెసెల్లా. ఆల్చిప్పలు మూడు కిలోలైనా చాలు. మిగిలిన డబ్బుతో ఆక్టోపస్ కాస్త పెద్దది తీసుకోవచ్చు, దాని నీళ్ళే తక్కువపడ్డాయి. జూన్‌లో ఆల్చిప్పలు నిండుగా వచ్చినప్పుడు ఆక్టోపస్ లేకుండా, తాజా టమాటాతో ఒకసారి చెయ్యాలి. అప్పుడు ఉప్పుని దేంతో మోయించాలో ఇంకా చూడాలి. బంగాళదుంప ఉడికించిన నీళ్ళతో మొదలుపెడదాం అంటోంది మా ఆవిడ.